వీధంతటికీ థ్యాంక్యూ

ఒకే ఒక్క మర్యాద మాటతో వీధి వీధినంతా అలిగేలా చేసిన కోడలు గద్వాలలో నేను తప్ప ఇంకొకరు ఉండరు. తిట్టి, కొట్లాడి చెడినవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను థ్యాంక్యూ చెప్పి చెడ్డాను. అదీ లడ్డూలు పంచిపెట్టి మరీ.

మాది బల్మూరు. మేమూ నేతవాళ్లమే కానీ, నాన్న బడిపంతులు కావడంతో మా ఇంట్లో మగ్గం ఎప్పుడో మూలపడింది. గద్వాలలో మగ్గమున్న ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు పడుగంటే నిలువు దారాలని తెలుసు, అంతే. ఇంగ్లీషు మాత్రం దండిగా తెలుసు. ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచర్ని మరి! ఏ మాట ఎక్కడ పుట్టిందో చెప్పకుండా పక్కవాళ్లను ముద్ద మింగనిచ్చేదాన్ని కాదు. పెళ్లయిన కొద్దిరోజులకే మా ఆయన రమేశ్ చెవుల్లో దూది పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే చలి అన్నాడు. నడి ఎండాకాలంలో!

అప్పుడే మా ఇంట్లో పడుగుకు గంజి పెట్టే రోజొచ్చింది. తెలియని వాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. తెల్లవారగానే దారాలను వీధి పొడవునా సాచి కట్టి, గంజి పట్టించి, అటూ ఇటూ నిలబడి కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. దువ్వడం ఆగిందా, దారాలు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా పాడవుతుంది. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే ఎవరి పడుగైనా వీధంతా వస్తుంది. పిలుపూ ఉండదు, కూలీ ఉండదు. టీ తాగి వెళ్తారు, వాళ్ల పడుగుకు మనం వెళ్తాం.

ఆ పొద్దున అందరూ వచ్చారు, నవ్వుకుంటూ పని ముగించారు, టీ తాగి వెళ్లిపోయారు. మా ఇంట్లో ఎవ్వరూ వాళ్లకు ఒక్క మంచిమాటైనా చెప్పలేదు! నాకు ప్రాణం ఉసూరుమంది. అత్తమ్మ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, లడ్డూ పొట్లాలు పట్టుకుని బయల్దేరాను. మొదట ఎదురింటి నాగమ్మత్త దగ్గరికి.

"ఏంది బిడ్డా గిది?"

"పొద్దుగాల మా పడుగుకు వచ్చిండ్రు గదత్తా. థ్యాంక్యూ."

"గదెందుకు?"

అడిగింది కదా, ఇక నన్ను ఆపేదెవరు? "ఇంగ్లీషుల ఆ మాటకు పాతకాలంల తలపు అనే అర్థమత్తా. మీరు జేసిన సాయం నా తలపుల ఉన్నదని చెప్పుడన్నట్టు."

నాగమ్మత్త పొట్లం వైపోసారి, నా వైపోసారి చూసింది. "అంటే, చెప్పకుంటే మర్షిపోతుంటివా?"

నా మట్టిబుర్రకు అది దెప్పుడని తట్టలేదు. "భలే అడిగినవత్తా!" అని మెచ్చుకుని పక్కింటికి నడిచాను. ప్రతి గడపలోనూ అదే పాఠం, అదే పొట్లం.

తర్వాతి పడుగు నా కోసం. మా చెల్లి పెళ్లికి నేను కట్టుకోబోయే చీర! ముదురాకుపచ్చ రంగు అత్తమ్మే ఎంచింది. తన చేత్తో నేసిన చీరలో కోడలు బల్మూరులో దిగాలని ఆమె కోరిక. నా కోరిక ఇంకా పెద్దది, చీరను చూసి పెళ్లికూతురే కుళ్లుకోవాలి.

తెల్లవారింది. పడుగు సాచాం. అత్తమ్మ గంజి పట్టించింది. వీధిలో చూద్దును కదా, అత్తమ్మ, రమేశ్, నేను, ముగ్గురమే. అందరూ వాకిళ్లలోనే ఉన్నారు, ఒక్కరూ గడప దిగరు. నాగమ్మత్త చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"ఓ వదినా, రావేంది?" అత్తమ్మ కేకేసింది.

"వచ్చిన కూలి అప్పుడే ముట్టింది వదినా. మీ కోడలు పొట్లం గట్టి ఇచ్చి, ఇగ మీకు మాకు చెల్లు అన్నది."

"గట్ల నేనెప్పుడన్న!" అని అరిచాను.

రమేశ్ నా వైపు తిరిగాడు. "ఏం జేసినవ్ సుజాతా?"

"థ్యాంక్యూ చెప్పిన..."

"వీధి మొత్తానికా?"

"ఒక్కరిని ఇడిస్తే బాగుండదని..."

ఎండ ఎక్కుతోంది. ముగ్గురం పిచ్చివాళ్లలా అటూ ఇటూ ఉరుకుతున్నాం. ఈ చివర దువ్వుతుంటే ఆ చివర ఆరిపోతోంది. నా ఆకుపచ్చ దారాలు నా కళ్లముందే అట్టకడుతున్నాయి. కుంచె పారేసి నాగమ్మత్త వాకిట్లోకి పరుగెత్తాను.

"సారీ అత్తా!" అన్నాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "సారీ అంటే ఉత్తమాట గాదత్తా, దానికి మొదట్ల పుండు, నొప్పి అనే..."

"కోడలా!" వీధి ఆ చివర నుంచి అత్తమ్మ గావుకేక. "ఆ మాట పుట్టిన కత తర్వాత జెప్పు తల్లీ, పడుగు సస్తున్నది!"

అంతే, నాకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. నాగమ్మత్త చేతిలో చేట లాగేసి అరుగు మీద పెట్టాను. "పడుగు అంటుకపోతుంటే బియ్యం ఏరుకుంట కూసున్నవా? కండ్లు గనవడ్తలేవా? లే అత్తా, జల్ది లే!"

అరిచాక ఇక రెండిళ్ల మధ్య మూడు తరాలు మాటల్లేకుండా పోతాయనుకున్నాను.

నాగమ్మత్త పకపకా నవ్వింది. "గిప్పుడు మనింటి పిల్ల లెక్క మాట్లాడినవ్!" అని కొంగు బిగించి, "ఏయ్, అందరు రాండ్రి! పిల్ల తిడ్తున్నది!" అని కేకేసింది. క్షణంలో వీధి నిండిపోయింది. అందరి చేతుల్లో కుంచెలే. అట్టకట్టిన చోట నీళ్లు చల్లి దువ్వి, ఓపిగ్గా దారం దారం విడదీశారు. పడుగు బతికింది. ఆ చీరలోనే చెల్లి పెళ్లికి వెళ్లాను. ఆశపడ్డట్టే చెల్లి కుళ్లుకుంది కూడా.

పడుగు పని ముగిసిన ఆ పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ నాగమ్మత్త ముఖం చూస్తే నా పెదాలు వాటంతటవే విడివడ్డాయి. ఆమె గంజి కుంచె పైకెత్తింది.

"అన్నవో, మూతికి గంజి వెడ్త."

టక్కున నోరు మూసుకున్నాను. ఆ రోజు సూర్యుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. బడిలో పిల్లలకు థ్యాంక్యూ వెయ్యిసార్లయినా నేర్పిస్తాను గానీ, మా వీధిలో మాత్రం పలకను గాక పలకను. రేపెవరైనా నా ప్రాణమే కాపాడారనుకోండి, "గింత ఆలస్యమైందేంది?" అని గదమాయిస్తాను. అంతకన్నా గౌరవం మా వాళ్లకు ఇంకోటి లేదు.