ఆంటీ మీద ఒట్టు

నేను ఆ దీవికి వెళ్ళింది తెలుగువాళ్ళు లేని చోట ఒక వారం ఉందామని. అమెరికాలో మేముండే షామ్‌బర్గ్‌లో, మా అపార్ట్‌మెంట్ల దగ్గర ఉత్తరాల డబ్బా తెరవడానికి కిందికి దిగినా ఎవరో ఒకరు "మళ్ళీ ఏమైనా చూస్తున్నారా?" అని అడుగుతారు. చూడడం అంటే సంబంధాలు. విడాకులు తీసుకుని నాలుగేళ్ళయినా నన్ను చూడగానే వాళ్ళకు అదొక్కటే గుర్తొస్తుంది. అందుకే వర్జిన్ ఐలాండ్స్‌లో ఒక ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్ బుక్ చేసుకున్నాను. అదీ అమెరికానే కాబట్టి వీసా స్టాంపింగ్ గొడవ లేదు. చేతికి ఒక నీలం బ్యాండ్ కడతారు, ఇక తిండీ తాగుడూ అన్నీ అందులోనే. కడుపు నిండితే గారెలు చేదంటారు కదా, రెండు పూటలు గడిచేసరికే కేకులు అలా వదిలేసి పోయేవాళ్ళను చూశాను.

అలాంటి చోట ఒంటరి మనిషితో అందరికీ ఇబ్బందే. టేబుల్ దగ్గర కూర్చోగానే రెండో ప్లేటు తీయాలా వద్దా అని వెయిటర్ నిలబడిపోతాడు. మంచం మీద రెండు తువ్వాళ్ళను హంసల్లా మడిచి, ముక్కూ ముక్కూ ఆనించి పెడతారు. నేను మొదటి రోజే ఒక హంసను విప్పి తల తుడుచుకున్నాను. బాధేమీ కలగలేదు. పైగా మిగిలిన హంస మొహం చూస్తే నవ్వొచ్చింది.

మర్నాడు ఉదయం బీచ్‌లో కూర్చుని సన్‌స్క్రీన్ మూత తిప్పుతుంటే ఎంతకీ రాలేదు. "దీని దుంప తెగ" అన్నాను. పక్క కుర్చీలోంచి "తెలుగమ్మాయివా?" అని వినిపించింది. నా వారం అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. అంత ఎండలోనూ మోచేతులు దాటిన చేతుల సల్వార్ కమీజ్, మెడ చుట్టూ చున్నీ, కాళ్ళకు సాక్సులు, టెన్నిస్ షూస్. వాళ్ళది ఎడిసన్, తెలుగువాళ్ళు గుంపుగా ఉండే ఇంకో అమెరికా ఊరు. భర్త కంటి డాక్టరు, రిటైరై చాలా ఏళ్ళయింది. పెళ్ళిరోజుకని పిల్లలు ఈ ట్రిప్ బుక్ చేసి పంపించారట. ఇక ఆస్తిపాస్తులు, గోత్రాలు, నా విడాకులు వరసగా వస్తాయని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఆవిడ మాత్రం ఒకటే అడిగింది.

"ఒక్కదానివే కూర్చుని తింటుంటే బాగుంటుందా అమ్మా?"

వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "బాగుంటుంది ఆంటీ, నాకేం కావాలో అదే తింటాను" అన్నాను. ఆ తర్వాత నాకు ఆవిడంటే చిరాకు కలగలేదు.

అంకుల్ సంగతి వేరు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ప్రతి గిన్నె ముందూ ఆగి, తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన్ని పిలిచి, ఇందులో ఏం వేశారు, ఇదే నూనెలో చికెన్ వేయించారా, ఈ గరిటె దేనికి వాడారు అని అడుగుతుంటే వెనక లైన్ ఆగిపోయేది. గుడ్డు కూడా ముట్టరు. సూట్‌కేసులో చిన్న రైస్ కుక్కరూ, కందిపొడీ, నిమ్మకాయ ఊరగాయా వచ్చాయి. "ఇన్నేళ్ళ అమెరికాలో మా ఇంట్లో నీచు వాసన రాలేదమ్మా" అని నాతో చెప్పారు, ఇంకో మెడికల్ డిగ్రీ ఉందని చెప్పినట్టుగా. ఆంటీ తలవంచుకుని పెరుగన్నం కలుపుకుంటోంది.

భోజనమయ్యాక అంకుల్ మాత్రలు వేసుకుని గదిలో ఒక కునుకు తీసేవారు. ఆ వేళ ఆంటీ నా పక్కన వచ్చి కూర్చునేది. ఇసుకలోనే, తాటాకుల కప్పు కింద, ఒక గ్రిల్ ఉంది. రొయ్యలను పుల్లకు గుచ్చి, వెల్లుల్లి రాసి కాల్చి ఇచ్చేవాళ్ళు. మాది కాకినాడ. రొయ్య కనిపించాక ఇంక నేను ఆగను. తింటూ తల తిప్పితే ఆంటీ నా చేతినే చూస్తోంది.

"ఎలా ఉంటుంది?" అంది.

"మెత్తగా, కాస్త తియ్యగా."

"తియ్యగా ఉంటుందా?" ఆ మాట ఆవిడ ఎప్పుడూ ఊహించలేదని మొహంలో తెలిసింది. లేచి, చున్నీ సర్దుకుని, గ్రిల్ దగ్గరికి వెళ్ళి లైన్లో నిలబడింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. కాగితం ప్లేటులో ఒకే ఒక్క రొయ్యతో తిరిగొచ్చి, రిసార్ట్ వైపు వీపు పెట్టి కూర్చుని తినేసింది. చాలాసేపు నమిలింది.

"నోరు దురదగా ఉందేమిటమ్మా?"

"పెప్పర్ సాస్ ఆంటీ. నాకూ మండుతోంది" అన్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

అప్పుడు ఆవిడ నా చేయి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు వెయ్యి. ఎవ్వరితోనూ అననని."

"అంకుల్‌కి తెలిస్తే ఏమంటారు ఆంటీ?"

"ఏమీ అనరు. అదే నా భయం."

నవ్వుతూనే ఒట్టేశాను. చిన్నప్పుడు అమ్మ మీద అబద్ధపు ఒట్టు వేసి, ఒట్టు తప్పితే మనిషి పోతారని ఎవరో అంటే, అమ్మ ఊపిరి తీస్తోందో లేదో చూస్తూ రాత్రంతా మేలుకున్నదాన్ని. ఇన్నేళ్ళు కంప్యూటర్ల ముందు బతికాక ఇంకా అలాంటివి నమ్ముతానా అనుకున్నాను.

మరుసటి రోజు నేను వెళ్ళేసరికే ఆంటీ గ్రిల్ ముందు ఉంది. ఈసారి పుల్ల నిండా తెచ్చుకుంది. ఒక్కొక్కటీ నిదానంగా తింటుంటే నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. ఎవరూ చూడకుండా తిననివ్వాలనిపించింది. అయ్యాక చేతులు తడి ఇసుకతో రుద్దుకుని, అలల్లో కడుక్కుని, అరచేతులు వాసన చూసుకుని వచ్చి కూర్చుంది.

కాసేపటికి "గొంతు పట్టేసినట్టుందమ్మా" అంది. చూస్తే పై పెదవి ఒక పక్కకు ఉబ్బింది. చున్నీ పక్కకు లాగితే మెడ మీద ఎర్రటి దద్దుర్లు. నేను లేచి నిలబడేలోపే దగ్గు మొదలైంది. ఆ వెంటనే ఊపిరి తీస్తుంటే లోపల ఈల వేసినట్టు చప్పుడు. లైఫ్‌గార్డ్‌ను కేకేశాను. అతను గోల్ఫ్ కార్ట్ తెచ్చి, ఇద్దరినీ ఎక్కించుకుని రిసెప్షన్ వెనక ఉన్న ఫస్ట్ ఎయిడ్ గదికి తీసుకెళ్ళాడు. దారిలో ఆంటీ నా వైపు తిరిగి "ఒట్టు" అంది. ఆ ఒక్క మాటకే ఆయాసం వచ్చింది.

గదికి ఫోన్ చేస్తే అంకుల్ ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొచ్చారు. వచ్చీ రాగానే మంచం పక్కన కూర్చుని, ఆంటీ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "ఏం కాదు, నేనొచ్చాను కదా" అన్నారు. ఆయనకు భార్య అంటే ప్రేమ లేదని నేను ఎప్పటికీ అనను.

నర్స్ నడివయసు మనిషి. ఆంటీ పెదవులూ మెడా చూసి, ఏం తిన్నదని అడిగింది.

"షీ హాజ్ ఆస్తమా" అన్నారు అంకుల్. "ఎండలో కూర్చుంది, దద్దుర్లు అందుకే. లాస్ట్ ఇయర్ హార్ట్‌లో స్టెంట్ వేశారు. నెబ్యులైజర్ పెట్టండి."

ఫుడ్ అలర్జీ ఏదైనా ఉందా, సీఫుడ్ తిన్నదా అని నర్స్ మళ్ళీ అడిగింది.

"నో. వుయ్ ఆర్ ప్యూర్ వెజిటేరియన్స్. నెవర్ ఇన్ అవర్ లైఫ్."

నర్స్ అప్పటికే ఇంజెక్షన్ పెట్టె తెరిచి చేత్తో పట్టుకుని ఉంది. అది అడ్రినలిన్. అలర్జీ అయితే క్షణం ఆగకుండా ఇవ్వాలంది. అంకుల్ ఆంటీ చేయి వదలకుండానే రెండో చేయి అడ్డంగా చాపారు. స్టెంట్ వేసిన మనిషికి అది ఇస్తే గుండె మీదికి వస్తుంది, తినని దానికి అలర్జీ ఎక్కడి నుంచి వస్తుంది, నేనూ డాక్టర్నే అన్నారు. ఆ మాటకు ఆమె తటపటాయించింది. అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. అది ఊళ్ళోంచి కొండ ఎక్కి దిగి రావాలి. ఆంటీ ముక్కుకు నెబ్యులైజర్ మాస్క్ పెట్టారు. ఈల చప్పుడు తగ్గింది. తగ్గిందని అంకుల్ తల ఊపారు. అది నయమై తగ్గడం కాదు, లోపలికి గాలి పోక తగ్గడం. పెదవుల చివర్లు నీలం తిరుగుతున్నాయి.

ఆంటీ కళ్ళు నా మీదే ఉన్నాయి. తల అడ్డంగా ఊపింది, కొద్దిగా.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను చెబితే ఆవిడ ఇంట్లో ఆవిడ బతుకు ఏమవుతుందో నాకు తెలియదు. చెప్పకపోతే ఏమవుతుందో కళ్ళ ముందే కనిపిస్తోంది. ఇందులో ఆలోచించడానికేముంది అని ఇప్పుడు ఎవరైనా అనొచ్చు. ఆ గదిలో నా నోరు పెగల్లేదు. ఒట్టు తప్పితే ఈవిడ పోతుందేమో అని, చెప్పుకోవడానికి సిగ్గే కానీ, నిజంగా భయం వేసింది. నర్స్ మూడోసారి అడిగింది. మూడోసారీ అంకులే జవాబు చెప్పారు. "ఐ నో మై వైఫ్" అన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆయన ఒక్కసారి కూడా ఆవిడ వైపు తిరిగి ఏం తిన్నావని అడగలేదు.

"అంకుల్, ఆంటీ రొయ్యలు తిన్నారు" అన్నాను. "నిన్న ఒకటి. ఇవాళ పుల్ల నిండా."

"ఎవరు?" అన్నారాయన.

"ఆంటీనే. నా పక్కనే కూర్చుని తిన్నారు." నర్స్‌ వైపు తిరిగి అదే మాట ఇంగ్లీషులో చెప్పాను.

ఆంటీ చేయి మంచం మీద పడింది. ఆయన విసిరికొట్టలేదు, వదిలేశారు, అంతే. లేచి ఒక అడుగు వెనక్కి వేసి తన అరచేతులు చూసుకున్నారు. ఈలోగా నర్స్ ఎవరినీ అడక్కుండా సల్వార్ మీద నుంచే ఆంటీ తొడలోకి ఇంజెక్షన్ పొడిచింది. ఆ తర్వాత ఆయన ముందుకొచ్చి ఆంటీ మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిలబడ్డారు.

ఈల మళ్ళీ వినిపించింది. తర్వాత దగ్గు. తర్వాత మామూలు ఊపిరి. అంబులెన్స్ వచ్చేసరికి ఆవిడ మొహంలోకి రంగు వచ్చింది. ఆయనొక్కరే వెంట ఎక్కారు. నేను ఆ గది మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నర్స్ మంచినీళ్ళు తెచ్చిచ్చి, మీ అమ్మగారా అని అడిగింది. కాదన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు హాస్పిటల్ నుంచి సామాన్ల కోసం వచ్చారు. ఫ్లైట్ ముందుకు మార్చుకున్నారు. నేను లాబీలోకి వెళ్ళేసరికి అంకుల్ కౌంటర్ దగ్గర ఉన్నారు. నన్ను చూసి రెండడుగులు ముందుకొచ్చారు.

"టైమ్‌కి చెప్పావమ్మా. థాంక్యూ" అన్నారు. "ఎడిసన్‌లో నీకెవరైనా తెలుసా?"

"ఎవరూ తెలీదు అంకుల్."

"పిల్లలతో మీ అమ్మకి ఆస్తమా వచ్చిందనే చెప్పాను. అలాగే ఉండనీ."

"అదెలా అంకుల్? అలర్జీ అని ఇంట్లోవాళ్ళకి తెలియకపోతే ఎలా? రేపు ఏ రెస్టారెంట్‌లోనో ఆ నూనె తగిలితే?"

"మేం తినే చోట ఆ నూనె ఉండదమ్మా." కోపంగా అనలేదు. చాలా మర్యాదగా అన్నారు. నా కోపం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆయన బిల్లు కౌంటర్ వైపు తిరిగిపోయారు.

ఆంటీ పేము సోఫాలో కూర్చుని ఉంది. కళ్ళ కింద ఇంకా వాపు తగ్గలేదు. చేతికి రిసార్ట్ బ్యాండూ, హాస్పిటల్ బ్యాండూ రెండూ ఉన్నాయి. పక్కన కూర్చున్నాను.

"సారీ ఆంటీ. ఒట్టు తప్పాను."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. బతికాగా." నవ్వబోయి ఆగిపోయింది. "రాత్రి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మందులూ నీళ్ళూ అన్నీ అందించారు. ఒక్క మాట మాట్లాడలేదు."

"కోపం తగ్గుతుంది ఆంటీ."

"కోపమైతే తగ్గును."

బయట షటిల్ బస్సు వచ్చి ఆగింది. అంకుల్ సూట్‌కేసులు ఎక్కించమని ఎవరికో చెబుతున్నారు. ఆంటీ అటు చూస్తూనే మెల్లగా అడిగింది.

"నువ్వు చెప్పగానే నా చెయ్యి వదిలేశారు. చూశావా?"

చూడలేదని చెబుదామనుకున్నాను. ఆవిడ మొహం చూస్తే అబద్ధం నోట రాలేదు.

"చూశాను. కానీ వెంటనే మళ్ళీ పట్టుకున్నారు కదా ఆంటీ."

"అది నాడి చూడ్డానికమ్మా" అంది.