ఎవరి పేరా వాళ్ళదే

సుందరి టీచరుకు కోపం ముక్కు మీద ఉండదు, నాలుక మీద ఉంటుంది. పులివెందుల వైపు ఇరవయ్యేళ్ళు పనిచేసి, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో రోడ్డుకు లోపలగా ఉన్న కొత్తకాలువపల్లె బడికి బదిలీ మీద వచ్చేనాటికి ఆమెకు యాభై రెండేళ్ళు. ఆ వయసుకు ఎంతటివాళ్ళకైనా నోరు నెమ్మదిస్తుందంటారు. ఆమెది నెమ్మదించలేదు. ఆ పిల్లల అదృష్టం.

ఆ బడికి చుట్టుపక్కల మంచి పేరు. మూడు, నాలుగు తరగతుల్లో కలిపి ముప్పై ఒక్క మంది పిల్లలు. ఎవరిని లేపినా తెలుగు పాఠం గడగడా చదివేస్తారని గొప్పగా చెప్పుకునేవారు. ఆ గడగడ వెనకున్న బండారం సుందరి బడిలో చేరిన పదో రోజున, తనిఖీ అధికారి వచ్చినప్పుడు బయటపడింది.

తనిఖీకి వారం ముందు హెడ్మాస్టరు ఎడ్విన్ సారు పాఠాన్ని పిల్లలకు పంచిపెట్టేవాడు. అన్నదమ్ములు చేను పంచుకున్నట్టే. వరుసలో మొదటి పిల్లకు మొదటి పేరా, రెండో పిల్లవాడికి రెండో పేరా. ఎవరి పేరా వాళ్ళు బట్టీ పట్టాలి. అధికారి వరుసగా లేపుతాడు, పిల్లలు వరుసగా అప్పజెప్తారు. ఏళ్ళ తరబడి నడుస్తున్న ఏర్పాటు అది. ఆ రోజు మాత్రం ముందు కూర్చునే ఇద్దరు పిల్లలు వేంపల్లెలో పెళ్ళికి పోయారు. వరుస కాస్తా జరిగిపోయింది. అధికారి వాన గురించిన పేరా చూపించి చదవమంటే, నాలుగో తరగతి ఆర్షియా ఆ వాన మీదే కళ్ళు పెట్టుకుని బావి గురించి గుక్క తిప్పుకోకుండా చదివింది. ఆ మహానుభావుడు ఫోను చూసుకుంటూ "శభాష్" అన్నాడు. సంతకం పెట్టి, టీ తాగి, జీపెక్కాడు.

సుందరికి ఒళ్ళు మండిపోయింది. జీపు కదలగానే ఆర్షియాను దగ్గరికి పిలిచింది.

"ఏం చదివినావు పాపా?"

"నా పేరా చదివినా టీచర్."

"అందులో ఏముండాది?"

ఆ పిల్ల వింతగా చూసింది. "ఏముంటాది? అది నా పేరా, అంతే."

ఈ రోగం సుందరికి కొత్త కాదు, వాళ్ళింట్లోనే ఉంది. ఆమె తాత సత్యానందం మిషను వాళ్ళ దగ్గర చదువు నేర్చాడని ఊరంతా గౌరవించేది. కీర్తనల పుస్తకం పట్టుకుంటే ఒక్క మాట తడబడేవాడు కాదు. నిజానికి ఆయన చదివింది తక్కువ, విని గుర్తుపెట్టుకున్నది ఎక్కువ. ఒకనాడు ఎవడో కౌలు కాగితమని చెప్పి అమ్మకం కాగితం ముందు పెట్టాడు. నాకు రాదని ఒప్పుకోవడానికి నామోషీ పడి, చదివినట్టే పెదాలు కదిపి, సంతకం చేసి ఇచ్చాడు. ఉన్న రెండెకరాలూ పోయాయి. రాదన్న ఒక్క మాట చెప్పి ఉంటే చేను నిలిచేదని వాళ్ళ అవ్వ చచ్చేదాకా అంటూనే ఉంది.

మరుసటి రోజు సుందరి పుస్తకాలన్నీ మూయించింది. తను సొంతంగా రాసిన మూడు వాక్యాల కాగితం ఒక్కొక్కరి చేతికే ఇచ్చి, చదివించి, ఏం అర్థమైందో అడిగింది. ముప్పై ఒక్క మందిలో నలుగురు చెప్పగలిగారు. నెలవారీ జాబితాలో 'చదివి అర్థం చేసుకోగలిగినవారు' అన్నచోట నాలుగు అని వేసి సంతకం పెట్టింది.

ఎడ్విన్ సారు ఆ కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు. ఇద్దరిదీ ఒకే చర్చి, ఆదివారం ఒకే వరుసలో కూర్చునేవాళ్ళు. అందుకని మెత్తగానే అడిగాడు.

"ఏంది సుందరమ్మా ఇది? పోయిన నెల ముప్పై ఒకటి రాసినాం. ఇప్పుడు నాలుగంటే మన బడి పేరేం గావల్ల?"

"ఆ పేరు పెట్టుకోని ఏం చేద్దాం సార్, నానబెట్టుకోని నీళ్ళు తాగుదామా?"

ఆమె పట్టుదలకు కారణముంది. రాని పిల్లలున్నారని రాసిన బడికే రోజూ ఒక గంట అదనపు తరగతి ఇస్తారు. అందరికీ వచ్చని రాస్తే ఆ గంట రాదు. ఇంకో ఏడాది, రెండేళ్ళలో ఈ పిల్లలు పెద్దబడికి పోతారు. అక్కడ కూడబలుక్కుని చదవడం నేర్పే తీరిక ఎవరికుంటుంది? ఆ ఒక్క అంకె మీదే ఇరవై ఏడు మంది చదువు ఆగి ఉంది. అద్దంలో మసి కనబడితే ముఖం కడుక్కోవాలి గానీ అద్దం తిప్పిపెడితే ఎట్లా?

గంట మంజూరయ్యేదాకా ఆమె ఆగలేదు. ఇంటింటికీ తిరిగి పాత పెళ్ళిపత్రికలు అడిగి తెచ్చింది. వెనక తెల్లగా ఉన్నవైపు ఒక్కో మాట రాసి పిల్లల చేతికిచ్చి, మీరే వరుసగా నిలబడి వాక్యం కట్టండని వదిలేసింది. మొదటి రోజు ముగ్గురు నిలబడితే 'నీళ్ళు మేకను తాగినాయి' అని వచ్చింది. ఎవరూ నవ్వలేదు. సుందరికి ఏడుపొచ్చినంత పనైంది. పది రోజుల తరవాత మళ్ళీ అట్లాంటిదే వస్తే వెనక వరుసలో ఒకడు పకపకా నవ్వి, "నీళ్ళు మేకను యాడ తాగుతాయి టీచర్?" అన్నాడు. ఆమె వాడికి దండం పెట్టినంత పని చేసింది. ఆ నవ్వు కోసమే కదా ఇంత పాటు.

అందరూ కలిసి పాడినట్టు చదవడం ఆమె పూర్తిగా ఆపించింది. ఒక్కరు చదవాలి, మిగతావాళ్ళు ఎవరు, ఏం చేసినారు, ఎందుకు అని అడగాలి. దాంతో బడి మూగబోయిందని ఊళ్ళో గోల మొదలైంది. ఆర్షియా నాయనమ్మ షాహీదాబీ ఆ బడిలోనే మధ్యాహ్న భోజనం వండేది. ఒకరోజు పొయ్యి దగ్గర్నుంచి నేరుగా తరగతిలోకి వచ్చేసింది.

"టీచరమ్మా, మా పిల్ల ముందు గడగడా చదువుతాండె. నువ్వొచ్చినాంక మాట మాటకీ తడుముకుంటాండాది. ఉన్నది గూడా పోగొడతాండావు."

"తడుముకోనీ షాహీదాబీ. తడుముకునేటోళ్ళకే దావ తెలుస్తాది."

"నీ మాటలు నాకొద్దు" అని ఆమె విసురుగా వెళ్ళిపోయింది. వారం రోజులు సుందరి పళ్ళెంలో పప్పు విసిరేసినట్టే పడింది.

మూడు నెలలు గడిచాయి. అంకె పదకొండుకు వచ్చింది. ఆర్షియా ఇంకా అందులో లేదు. అప్పుడే అధికారి మళ్ళీ దిగాడు, ఈసారి చేతిలో మెమో పట్టుకుని. పిల్లల ముందే దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఇంతకుముందు ముప్పై ఒకటి, ఇప్పుడు పదకొండు. నా సంతకానికి విలువేముంది మేడమ్? ముప్పై ఒకటని దిద్దండి, ఈ మెమో చింపేస్తాను. లేదంటే అక్కడెక్కడో ఉన్న లింగాలకు డిప్యుటేషన్ వేయిస్తాను. కావాలంటే ఇప్పుడే చదివించి చూస్తాను."

ఆయన పాఠ్యపుస్తకం తెరిచాడు. సుందరి చెయ్యి అడ్డం పెట్టి మూసేసింది.

"అది వద్దు సార్. ఆ పుస్తకం ఈ గోడలకు గూడా నోటికొచ్చు. మీరు తెచ్చిన ఈ కాగితం చదివించండి. ఇదెవురూ బట్టీ పట్టలేదు గదా."

అధికారి పౌరుషానికి పోయి, ఎదురుగా ఉన్న ఆర్షియాను లేపి మెమో చేతికిచ్చాడు. చదవగలిగిన పదకొండు మందిని వదిలి ఈ పిల్లనే లేపాలా అనుకుంది సుందరి.

ఆర్షియా వేలు పెట్టి చదవసాగింది. "గత నివేదికలో... ముప్పై ఒక్క మంది చదవగలరని ఉండగా... మీరు తక్కువ మంది అని రాసితిరి. మీపై చర్య ఎందుకు... తీసుకోరాదో... సంజాయిషీ ఇవ్వవలెను." మూడుచోట్ల ఆగింది, రెండుచోట్ల వెనక్కి పోయి మళ్ళీ చదువుకుంది. గరిటె పట్టుకుని షాహీదాబీ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం అర్థమైంది?" అన్నాడు అధికారి.

"సంజాయిషీ అంటే తెలీదు సార్. మిగతాది తెలిసింది." పిల్ల కాసేపు కాగితం చూసింది. "మాకు చదువు రాదని మా టీచరు రాసినాదంట. అందుకు మీరు కోపం చేస్తాండారు. కానీ మాకు రాలేదు సార్, అది నిజమే. నేను ఊరికే పేరా చెప్తాంటి."

"మా పిల్లే చదివినాది" అని షాహీదాబీ తనలో తనే అనుకుంది. అధికారి కాగితం లాక్కుని మడిచి, సుందరి వైపు జాబితా తోశాడు.

"ఇవన్నీ నాకక్కర్లేదు. దిద్దుతారా, లేదా?"

"దిద్దుతా సార్" అంది సుందరి.

పక్కనే ఉన్న ఎడ్విన్ సారు అమ్మయ్య అనుకున్నాడు. ఆమె పెన్ను తీసి పదకొండు కొట్టేసి, పక్కన పన్నెండు అని వేసి సంతకం పెట్టింది.

"ఆర్షియాను చేర్చినా. ఇంగ లింగాలకు ఎప్పుడు పోవల్లనో కాగితం ఇయ్యండి సార్. ఆడ గూడా పిల్లోళ్ళుంటారు."