నాలుక బయటపెట్టాల్సిన పాఠం

నేను అక్షరాలు దిద్దింది పద్దెనిమిదేళ్లు దాటాక. అంతకుముందు మా అమ్మతోపాటు పత్తి ఏరడానికి పోయేదాన్ని. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరాక, అక్కడి నర్సు ఒకావిడ మందు సీసాల మీది చీటీలు చూపించి తెలుగూ ఇంగ్లీషూ ఒకేసారి నేర్పింది. ఎనిమిదో తరగతి ప్రైవేటుగా కట్టి గట్టెక్కి, పంతొమ్మిది వందల యాభై మూడులో అదే ఊళ్లో నర్సు శిక్షణలో చేరాను. ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. చదవడం కంటితో వస్తుంది, పలకడం నోటితోనే వస్తుంది. నోరు కదిలించడానికి సిగ్గుపడే మనిషికి ఎన్ని పుస్తకాలు చదివినా ఇంగ్లీషు రాదు.

నాకు ఆ సిగ్గు లేదు. చేలో ఈ గట్టు మీది నుంచి ఆ గట్టు మీదికి కేకలేసి మాట్లాడుకున్నవాళ్లం. శిక్షణలో మా మేట్రన్ నా చేతికి అద్దమిచ్చి, నా నోరు ఏం చేస్తోందో నన్నే చూసుకోమంది. ఫీవర్ అనాలంటే పై పళ్లు కింది పెదవి మీద ఆనాలి. మనవాళ్లు రెండు పెదవులూ మూసి పీవర్ అంటారు. బ్రెత్, బర్త్, మౌత్ అనాలంటే నాలుక కొస పళ్ల మధ్యకు వచ్చి ఎదుటివాళ్లకు కనబడాలి. కాన్పు గదిలో రోజూ వాడే మాటలు ఇలాంటివే. నెల తిరక్కముందే నాకు పట్టుబడ్డాయి.

శిక్షణ అయ్యాక ఆళ్లగడ్డ ఆసుపత్రికి వేశారు. యాభై ఏడో ఎనిమిదో, అప్పటికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముగ్గురు ఆడవాళ్లు మంత్రసాని శిక్షణకు దరఖాస్తు పెట్టుకున్నారు. చదువు ముగ్గురికీ ఉంది. కానీ చేర్చుకునే ముందు నంద్యాలలో ఇంగ్లీషులో నోటి పరీక్ష ఉండేది. పరీక్ష చేసే ఆవిడది మలయాళ దేశం, తెలుగు ముక్క రాదు. వచ్చినవాళ్ల మాట ఆవిడకు అర్థం కాకపోతే ఇంటికి పొమ్మంటుంది. మా డాక్టరు ఆ ముగ్గురినీ నాకు అప్పగించి, పరీక్ష నాటికి వీళ్ల నోళ్లు తిప్పమన్నాడు. తిప్పుతానన్నాను.

ఇద్దరితో ఇబ్బంది లేదు. మూడో ఆమె కోయిలకుంట్ల దారిలో ఒక ఊళ్లో పెద్ద సేద్యగాళ్ల కోడలు. పెళ్లయిన రెండో ఏడే మొగుడు జ్వరంతో పోయాడు. ఆ ఇంట్లో ఆమెకు అన్నముంది, పని ఉంది, తనదంటూ ఏమీ లేదు. ఈ చదువు ఆమే అడిగింది. మామ చాన్నాళ్లు కాదని, ఆఖరుకు ఒక షరతు పెట్టి ఒప్పుకున్నాడు. ఒక్కసారే పరీక్షకు పంపుతాడు. తప్పితే మళ్లీ ఆ ఊసెత్తకూడదు, ఆ ఇంటి గడప దాటకూడదు. బండి కట్టుకుని తనే తీసుకొచ్చేవాడు, పాఠం అయ్యేదాకా వరండా బల్ల మీద కూర్చునేవాడు.

కూర్చుంటే నాకేం? కానీ ఆయన ఎదురుగా ఉన్నంతసేపూ ఆమె కొంగు మూతి మీది నుంచి దిగేది కాదు. మా సీమలో మామ ముందు కోడలు పళ్లు కనబడేలా నవ్వడమే తప్పు. ఇక్కడ చూస్తే ఒక అక్షరానికి పెదవి కొరకాలి, ఇంకోదానికి నాలుక బయటపెట్టాలి. పెదవి కొరికితే కోపమంటారు, కాకపోతే సరసమంటారు. నాలుక బయటపెడితే వెక్కిరింపే. మా లెక్కన ఇంగ్లీషులో సగం మర్యాద తప్పిన పనులే. ఆయన్ను ఆసుపత్రి వెనక వేపచెట్టు కింద కూర్చోమన్నాను. తన కోడలికి చెప్పేది తను వినకూడదా అని అడిగి, వరండా బల్ల మీది నుంచి కదల్లేదు.

ఆమె చేతులు కొంగు మీదికి పోకుండా ఒక ఉపాయం చేశాను. కొంగు నడుముకు బిగించి పిన్నీసు పెట్టించాను. రెండు చేతులకూ నీళ్లు నిండిన ఎనామిల్ బేసిను ఇచ్చాను. ఒలకకుండా వార్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ పలకాలి. మొదటి రోజు నేలంతా తడిసింది, ఆయా నన్ను తిట్టుకుంటూ తుడిచింది. తర్వాత్తర్వాత బేసిను మీద ధ్యాసలో పడి నోటి సంగతి మరిచిపోయింది. ఫీవర్ వచ్చింది. ఫోర్సెప్స్ వచ్చింది. నా అరచేతిలో దూది పింజ పెట్టి ఆమె నోటి ముందు పట్టాను, మాట గాలికి ఎగిరింది.

ఇక నాలుక మిగిలింది. ఒక రోజు నోరు బాగా కనబడాలని ఆమెను వెలుతురున్న వరండాలో నిలబెట్టి, తల దించకుండా నన్నే సూటిగా చూస్తూ నాలుక పెట్టమన్నాను. చాలాసేపు పెట్టలేదు. గద్దించాను. కళ్లు మూసుకుని పెట్టింది, బ్రెత్ అంది. చక్కగా పలికింది. నేను శెభాష్ అనేలోగా నా వెనక బల్ల కిర్రుమంది. ఆయన కూర్చున్నది సరిగ్గా నా వీపు వెనక. కోడలు నాలుక తిన్నగా ఆయన ముఖానికే వచ్చింది.

ఆయన లేచి, "ఏందమ్మా ఇది? ఇంగిలీసు నేర్పుతాండావా, ఎక్కిరించేది నేర్పుతాండావా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. బండి కట్టించి కోడలిని ఎక్కించుకుని పోయాడు. మర్నాడు బండి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పరీక్ష వారంలోకి వచ్చేసింది.

ఆదివారం నేనే బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. ఆయన అరుగు మీద పగ్గం పేనుతున్నాడు. మర్యాద తెలిసిన మనిషి, మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"వచ్చినావు గదా, మజ్జిగ తాగి పో నర్సమ్మా. ఆ మాట మాత్రం ఎత్తొద్దు."

"ఎత్తేకే వచ్చినా అప్పా. మజ్జిగ కోసం ఆళ్లగడ్డ నుంచి బస్సు చార్జీ పెట్టుకోని ఎవరన్నా వస్తారా?"

"మా ఇంట్లో ఆడోళ్లు మామ మొగాన నాలిక పెట్టరు."

"నా మొగాన పెట్టింది. నా ఎనక కూచున్న్యది నువ్వు."

"నీ మొగాన పెట్టినా తప్పే. చదువు చెప్పేదానివి."

ఆ మాటకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. కలిగినంత మాత్రాన ఊరుకోలేదు. ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూస్తావా లేదా అని అడిగాను.

"నా కోడలు ఎద్దా?" అన్నాడు, పగ్గం పక్కన పెట్టి.

"కాదు. అందుకే నువ్వు తెరిస్తే తెరుచుకునే నోరు కాదది, నువ్వు మూస్తే మూసుకునేదీ కాదు."

లోపల అత్త నవ్వి, నవ్వును దగ్గులోకి దింపింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఇక లెమ్మంటాడని అనుకున్నాను.

అప్పుడు కోడలు వాకిట్లోకి వచ్చింది. నేను పిలవలేదు, ఎవరూ పిలవలేదు. మామ అరుగు మీద ఉండగా ఆమె తలుపు చాటు దాటి రావడం ఆ ఇంట్లో అదే మొదలేమో. కొంగు నడుముకు దోపుకుంది. ఆయనకు ఎదురుగా నిలబడింది.

"మామా, నేను నిన్ను ఎక్కిరించల్యా. ఈ మాట ఇట్లనే పలకాల. సూడు."

బ్రెత్ అంది. బర్త్ అంది. మౌత్ అంది. ప్రతి మాటకూ నాలుక కొస పళ్ల మధ్య కనబడింది, వెనక్కి పోయింది. గొంతు వణికింది గానీ మాట వణకలేదు.

"ఇది పలకకపోతే నేను బతికినన్నాళ్లూ ఈ ఇంట్లోనే ఉంటా. నీకు అదే కావాల్నంటే నా మొగం సూసి చెప్పు, అట్లనే ఉంటా."

ఆయన ఆమె ముఖం చూడలేకపోయాడు. చాలాసేపు పగ్గం పురులు వేళ్లతో విప్పాడు, మళ్లీ చుట్టాడు. తర్వాత, "ఇంగోతూరి అను" అన్నాడు. ఆమె మళ్లీ అంది. ఈసారి ఆయన తలెత్తి చూశాడు.

"ఇంతేనా? దీనికేనా ఆ పొద్దు నేను బండి కట్టించింది?" అన్నాడు.

సోమవారం బండి వచ్చింది. ఆయన చెప్పించుకోకుండానే వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నాడు.

నంద్యాలలో పరీక్ష రోజున నేను గది బయట నిలబడ్డాను. తలుపు మూసి ఉన్నా మాటలు వినబడుతున్నాయి. పుట్టిన బిడ్డ ఊపిరి తీయకపోతే ఏం చేస్తావని అడిగింది ఆ మలయాళ ఆవిడ. మన కోడలు పిల్ల చెప్పుకుంటూ పోతోంది. మధ్యలో ఆవిడ ఆపి, ఒక మాట మళ్లీ చెప్పమంది.  చెయ్యి కొంగు మీదికి పోయిందేమోనని నేను తలుపుకు చెవి ఆనించాను. అంతలో బ్రెత్ అని వినబడింది, నాకంటే బాగా. ఆవిడ సరే, ముందుకు పొమ్మంది.

ముగ్గురూ నెగ్గారు. గుమాస్తా బయటికొచ్చి చెప్పగానే మిగతా ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కోడలిని పరీక్షకు తీసుకొచ్చిన మామ నా దగ్గరికి వచ్చి, కోడలు మళ్లీ ఇంటికి ఎప్పుడు వస్తుందని అడిగాడు. ఆయన అది ముందు ఆలోచించుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. దాచి చెప్పడం నాకు చేతకాదు. ఈ పొద్దు నుంచి శిక్షణ అయ్యేదాకా ఇక్కడే హాస్టల్లో, ఆ తర్వాత గవర్నమెంటు యాడ ఏస్తే ఆడ, అన్నాను.

ఆయన కోడలి వైపు తిరిగాడు. 

"పోతావామ్మా?"

"పోతా మామా."

నోటికి ఏదీ అడ్డం పెట్టుకోకుండానే చెప్పింది. ఆయన తల ఊపాడు. మీ అత్తకు చెప్తాలే అని, కండువా దులిపి భుజాన వేసుకుని, ఆళ్లగడ్డ బస్సు ఎక్కడ ఆగుతుందో గుమాస్తాను అడిగి ఒక్కడే బయల్దేరాడు.