రోన్ పచ్చిక బయల్లో నల్ల గీత

మొన్న మే నెలలో, పొగమంచులో, ఒక్క కాగితపు మ్యాపు పట్టుకుని జర్మనీలోని రోన్ కొండల మీది పచ్చిక బయళ్ల నుంచి నలభై మందిని కిందికి దించాను. అదీ, నన్ను వెనక నడవమన్న రోజునే.

అలా అన్నది వాల్డార్ఫ్ ఊళ్లో ఉద్యోగం చేసే కుర్రాడు. మా తెలుగువాళ్ల వసంతపు నడకకు ఏళ్ల తరబడి ముందు నడిచేవాణ్ణి నేను. "ఫోన్ల రూటుంది అంకుల్, మీరు ఆరామ్‌గా ఎన్కనుంచి రాండ్రి" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఫోను నువ్వెక్కడున్నావో చెబుతుంది, సరే. నేల ఎలాంటిదో చెబుతుందా? మ్యాపులో ఎత్తుపల్లాలు చూపే గోధుమరంగు గీతలు ఎడంగా ఉంటే పశువులు మేసే చదును. ఇరుక్కుని ఉంటే మోకాళ్లకు గండం. మొనదేలి ఎగువకు చూస్తుంటే అక్కడో వాగు. ఇదంతా ఎవడిక్కావాలి? తలలన్నీ అరచేతుల్లోనే.

పైకెక్కాక సిగ్నల్ పోయింది. తెర మీద నీలం చుక్క ఉంది, దాని చుట్టూ ఏమీ లేదు. "లోడ్ అయితలేదు అంకుల్" అన్నాడు. నేను మ్యాపు విప్పాను, నిదానంగా, కసి తీరేలా.

సరే, నలభై మంది కాదు, తొమ్మిది. పొగమంచూ కాదు, తుంపర. మ్యాపులో ఒక నల్ల గీత పల్లానికి పోతోంది. మన దేశంలో కాలువల సర్వేలో నేను నేర్చిన మ్యాపుల్లో నల్ల గీతంటే ఎండిన వాగు. వాగు పట్టుకుంటే ఊరు చేరతాం కదా అని పట్టుకున్నాను. తీరా చూస్తే అది రైతులు పొలంలో రాళ్లు ఏరి పేర్చిన గోడ. గోడ చివర కరెంటు కంచె. మా ఆవిడ మోకాలు పట్టుకుని అక్కడే కూలబడింది. అప్పుడూ నాకు కోపమే వచ్చింది, ఆ మ్యాపు గీసినవాడి మీద.

అయినా మళ్లీ మ్యాపు చూసి, గేటు కనిపెట్టి, అందర్నీ రోడ్డెక్కించాను. మరుసటి వారం ఎష్‌బోర్న్ ఊళ్లో మా తెలుగువాళ్ల భోజనాల దగ్గర అందరి ముందూ అదే చెప్పి, "ఇప్పుడు చెప్పండి, వచ్చే ఏడు ముందెవరు నడవాలి?" అన్నాను.

వడ్డిస్తున్న మా ఆవిడ గరిటె ఆపింది.

"గేటు మీరెక్కడ కనిపెట్టారండీ? ఆవులు నీళ్లకు పోతుంటే వాటి వెనక పోయాం. మ్యాపు తడి రాయి మీద పరుచుకుని నేను కూర్చున్నాను. వచ్చే ఏడు ఆ అబ్బాయే ముందు నడుస్తాడు."