తోటికోడలి బోరు

మా చేనుకూ మా తోటికోడలి చేనుకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. ఇళ్లు కూడా చేన్లలోనే. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మాకు పెబ్బేరు రోడ్డు వైపు ముక్క వచ్చింది, వాళ్లకు దాని వెనక ముక్క. ఆమె మొహం మాడ్చుకుంది, నేను మురిసిపోయాను.

రోడ్డుకు అవతల పాత కంకర క్వారీ గుంత ఉంది. ఒక ఫ్యాక్టరీ వాళ్లు తమ వ్యర్థాలు అందులో పోసుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. టిప్పర్లలో నల్లటి బురద, తుప్పు పట్టిన డ్రమ్ములు వచ్చేవి. గుంత అడుగున మందపాటి షీటు పరిచాకే పోయాలని అనుమతిలో ఉందట. పరిచిన వాళ్లు లేరు, అడిగిన వాళ్లూ లేరు.

మా బోరు నీళ్లు పసుపు తిరిగి వాసన పట్టాక మా ఆయన అర్జీలు పెట్టడం మొదలుపెట్టాడు. చెప్పులరిగేలా తిరిగాడు. అధికారులు నోటీసు ఇస్తే ఫ్యాక్టరీ జవాబు ఇచ్చేది. అధికారి మారితే కథ మళ్లీ మొదటికి. మా మరిది అదే ఫ్యాక్టరీ టిప్పరు నడిపేవాడు కాబట్టి వాళ్లింట్లో ఒక్కరూ సంతకం పెట్టలేదు. చివరికి పోయడం ఆపాలని ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటే చుట్టుపక్కల బోర్లన్నీ పరీక్ష చేశారు. మాది తాగొద్దని ఎర్ర రంగు కొట్టారు. గట్టు అవతల ఆమెది మంచినీళ్లేనన్నారు. కొట్లాడింది మేము, నీళ్లు వాళ్లకు.

"క్యాన్లు ఎందుకు కొంటవక్కా? మా బోరుకాడ పట్టుకోరాదు" అంది ఆమె.

"మాకు క్యాన్లే మంచిగున్నయ్" అన్నాను.

ఒక ఎండాకాలం క్యాన్ల బండి రావడం మానేసింది. బిందె పట్టుకుని గట్టు దాటక తప్పలేదు. ఆ నీళ్లు తియ్యగా ఉన్నందుకు నాకు ఇంకా మండింది.

తర్వాత గుంత మూశారు. బంకమట్టి, షీటు, దాని మీద ఎర్రమట్టి, పైన గడ్డి, చుట్టూ కంచె. ఆ గడ్డి ఎండిపోకూడదని ట్యాంకరు తెచ్చి తడిపేవాళ్లు. ఇవతల మా వేరుశనగ వాడిపోతుంటే అవతల చెత్త కుప్ప మీద గడ్డి నిగనిగలాడేది. గడ్డిని చూసి కూడా కుళ్లుకున్నాను, ఏం చేయను. మూశాం కదా, ఇక అయిపోయిందనుకున్నాం. కిందికి దిగిన మురికి భూమిలో నెమ్మదిగా నడుస్తూనే ఉంటుందని, ఏటా నీళ్లు చూస్తూ ఉండాల్సిందేనని సీసాలతో వచ్చిన అధికారి చెప్పాడు.

ఏటా ఫలితం రాగానే ఆమె బీచుపల్లి పోయి ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం మా ఇంటికి కూడా పంపేది. ఆ దేవుడికి నేనూ కొట్టాను కొబ్బరికాయలు. నా మొర ఆయన చెవిన పడలేదు.

ఈ ఏడు ఆమె బోరు కూడా పోయింది. రంగు డబ్బాతో మనిషి వచ్చినప్పుడు నేను గట్టు మీదే నిలబడి చూశాను. నా కడుపు చల్లబడింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. మాది పోయినప్పుడు రాని పంచాయతీ ట్యాంకరు ఆమెది పోగానే వచ్చింది. అటు చేన్ల వాళ్లంతా ఆమె బోరు మీదే బతికేవాళ్లు మరి. ట్యాంకరు దగ్గర అందరూ పక్కకు జరిగి ఆమెకే దారి ఇచ్చారు.

"పాపం, మొన్ననే పోయె బోరు. ముందు నువ్వు పట్టుకో" అన్నారు.

మా బోరు పోయినప్పుడు ఒక్క నోట పాపం అన్న మాట రాలేదు. బిందె చంకలో పెట్టుకుని చివర నిలబడ్డాను. ఆమె పైపు అందుకుని వెనక్కి తిరిగి చూసింది.

"మా అక్కను పట్టుకోనియ్యుండ్రి ముందు. ఆమెది పోయిననాడు మనం ఎవ్వరం అడగలే" అంది.

నన్ను చెయ్యి పట్టి ముందుకు తెచ్చి, నా బిందెలో తనే పైపు పెట్టింది. ఆ మాట ఎవరో ఒకరు అంటారని ఇన్నేళ్లు చూశాను. అన్నది ఆమె కావడం ఓర్చుకోలేక, బిందె సగమన్నా నిండకముందే ఎత్తుకుని వచ్చేశాను.