రంగూన్‌లో తిరుత్తణి దిక్కు

గోరంతను కొండంత చేసే జబ్బు నాకుందని ముందే ఒప్పుకుంటున్నాను.

నేను ఓడ దిగిన రోజుల్లో రంగూన్‌లో కోటిమంది జనం. నన్ను పేరుపెట్టి పిలిచేవాడు మాత్రం ఒక్కడే, గదిలో నాకు చోటిచ్చిన మా ఊరి అన్న.

మా ఊరికి తిరుత్తణి కొండ ఉత్తరాన ఉంటుంది. అన్న రంగూన్‌లోనూ తెల్లారగానే ఉత్తరానికే తిరిగి, చేతులు జోడించి, “సామీ, ఇంట్లోవాళ్లు బాగుండారా?” అని అడిగేవాడు. జవాబు కోసం గంటసేపు ఆగేవాడు.

“అన్నా, ఇక్కడికి మన కొండ పడమర గదా!” అన్నాను.

“అయితే పన్నెండేండ్లుగా యాడికి మొక్కినాను తంబీ?” అన్నాడు. రంగూన్ నది పారడం మానేసింది.

నది సంగతి నిజమే. నేను కల్పించింది ఆ సంభాషణ. కొండ పడమరన ఉందని అన్నతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒక ఉదయం ఆయన పక్కనే నిలబడి, ఉత్తరానికే మొక్కి, మా అమ్మ ఎలా ఉందని అడిగాను. జవాబు కోసం నేనూ ఆగాను.