పదకొండు గీతల నత్త

మ్యూజియం వెనక గదిలో ఆవిడ బల్ల ముందు కూర్చుంటే ముందు కళ్లద్దాలు నుదుటి మీదికి పోతాయి, తరవాత భూతద్దం కంటికి వస్తుంది. రాయిగా మారిన సముద్రపు నత్తగుల్లల్ని మెత్తటి బ్రష్‌తో దులిపి, చుట్లు లెక్కపెట్టి, ఏ జాతిని ఆ సొరుగులోకి చేర్చడం ఆవిడ పని. అందరూ నత్తలమ్మ అంటారు, పలుకుతుంది కూడా. కిటికీ పక్క సొరుగంటే ఆవిడకు పంచప్రాణాలు. అందులోవి గోరంత గుల్లలు, చుట్టుకు పదకొండు గీతలు. ఇరవై రెండేళ్ల కిందట అది కొత్త జాతి అని తేల్చి పేరు పెట్టింది ఆవిడే. అంతటి గౌరవం మళ్లీ దక్కలేదు.

ఆ ఉదయం నున్నటి పెద్ద జాతి గుల్ల ఒకటి చేతికొచ్చింది. వీటి కొన ఎప్పుడూ అరిగిపోయే దొరికేది; దీనికి మాత్రం చెక్కుచెదరలేదు. నత్త పసితనపు గుల్లే కొనగా మిగిలి, దాని కింద కొత్త చుట్లు పెరుగుతాయి. మట్టి దులిపితే ఆ కొన మీద గీతలు కనిపించాయి. మూడుసార్లు లెక్కపెట్టింది. పదకొండే. తను పేరు పెట్టినవి వేరే జాతి కాదు, వీటి పిల్లలు.

గది ఊడుస్తున్న పనిమనిషి చీపురు ఆపింది. "ఏంటమ్మా, అలా అయిపోయారు? నత్తలు గానీ లేచి నడిచాయా?"

"నడవలేదే, పెరిగాయి. ఇన్నేళ్లూ తల్లీపిల్లల్ని విడదీసి కూర్చోబెట్టాను."

"ఎవరికి తెలుస్తుందమ్మా, ఊరుకోండి."

"వాటికి తెలుసుగా," అని నవ్వేసింది నత్తలమ్మ.

కిటికీ పక్క సొరుగుకున్న పాత చీటీని చింపలేదు. తను పెట్టిన పేరును ఒక్క గీతతో కొట్టేసి, తేదీ వేసి సంతకం చేసింది. చిన్నవాటిని ఒక్కొక్కటే తెచ్చి పెద్దవాటి పక్కన వరసగా పేర్చింది. ఒక నత్త బతుకంతా మొదటిసారి ఒకే సొరుగులో కనిపించింది. ఖాళీ అయిన సొరుగును గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టుకుని, కొత్త గుల్లలతో నిన్న వచ్చిన గోనెసంచి మూతి విప్పసాగింది.